ఓడకెక్కు ఖనిజము: తేమ లెక్క

జలంత్రకోట కూడలియొద్ద జాతీయ రహదారి ప్రక్కను గాని, పలాస స్టేషనులో ప్లాటుఫారముమీద గాని ఒక గంటసేపు నిలిచి చూచినచో, మన ప్రాంతముగుండ సాగిపోవు సరకులో నేలనుండి త్రవ్వి తీసినది ఎంత యున్నదో తెలియును. ఒడిశాలోని తాల్చేరు గనుల బొగ్గు గూడ్సుబండ్లపై దక్షిణమునకు వచ్చుచుండును. టెక్కలి ప్రాంతపు గ్రానైటు దిమ్మలు లారీలపై రేవులకు పోవుచుండును. సముద్రపుటొడ్డునకు పోయి చూచినను ఇసుకలో నల్లని చారలు, ఎర్రని చారలు కానవచ్చును. అవి ఇల్మనైటు, గార్నెటు మొదలగు బరువైన ఖనిజముల రేణువులు. ఇట్టి సరకులలో పెక్కు తుదకు ఓడ నెక్కునవే.

మన జిల్లాకు ఓడలు క్రొత్త గాదు. కళింగపట్నము, బారువ పూర్వము ఓడరేవులు. అయినను ఖనిజముల ఎగుమతి మనకు ఎడముగనే సాగినది. 1892లో విజయనగర ప్రాంతమున మాంగనీసు గనుల పని ఆరంభమైనది. 1933లో విశాఖపట్టణపు రేవు తెరువబడిన పిమ్మట ఈ ఎగుమతులకు పెద్దదారి యేర్పడినది. 1960 దశకమున కొత్తవలస - కిరండూలు రైలుమార్గము పడి, బైలడిల్లా ఇనుపఖనిజము జపాను దేశమునకు పోసాగెను. ఇప్పుడు సంతబొమ్మాళి మండలములోని మూలపేటకడ, మొదట భావనపాడు రేవని పిలువబడిన క్రొత్త రేవునకు 2023 ఏప్రిల్ 19వ తేదీన శంకుస్థాపన జరిగినది.

రేవు వచ్చుచున్నదన్నంతనే మన గ్రామములలో రెండు ప్రశ్నలు పుట్టును. ఉద్యోగము లెన్ని? భూమికి వెల యెంత? రెండును అడుగదగినవే. మూడవది యొకటి కలదు. ఖనిజమును ఓడలో నింపునప్పుడు పాటింపవలసిన నిబంధన లేవి, పాటింపకున్న నష్టపోవువా రెవరు? ఈ మూడవ ప్రశ్ననే మేమిచట చర్చింపదలచితిమి.

పారాదీపు ఎదుట మునిగిన ఓడ

సంచులలో కట్టక, పెట్టెలలో పెట్టక, ధాన్యమును గాదెలో పోసినట్లు ఓడ అరలలో నేరుగా పోసి పంపు సరకును మేమీ వ్యాసమున రాసిసరకు అందుము. బొగ్గు, ఇనుపఖనిజము, మాంగనీసు, బాక్సైటు, సున్నపురాయి, గంధకము ఇట్లే పోవును.

2009వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన, ఇచ్ఛాపురమునకు ఈశాన్యముగా సుమారు 250 కిలోమీటర్ల దూరమున నున్న పారాదీపు రేవునకు ఎదుట 'బ్లాక్ రోజ్' అను ఓడ మునిగిపోయినది. అది మంగోలియా దేశపు జెండా కట్టిన ఓడ. దానిలో సుమారు 24 వేల టన్నుల ఇనుపఖనిజపు పొడి యుండెను. 27 మంది సిబ్బందిలో 26 మందిని రక్షింపగలిగిరి. ఒక యింజనీరు మరణించెను. ఆ ఓడతోబాటు 900 టన్నులకు మించిన ఇంధన తైలము కూడ సముద్రము అడుగునకు చేరినది. దానికి రెండు నెలలు ముందు, జూలైలో, పడమటి తీరమున మంగళూరునకు ఎదుట 'ఏషియన్ ఫారెస్ట్' అను మరియొక ఓడ అదే సరకుతో మునిగెను. అందలి 18 మందియు బ్రతికి బయటపడిరి.

రెండును వానకాలపు ఎగుమతులే యన్న సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. ఇంకొక సంగతి మన జాలరి సోదరులకు బాగుగ తెలిసినదే. అక్టోబరు మొదలు జనవరి వరకు మన తీరపు నీటి ప్రవాహము ఉత్తరమునుండి దక్షిణమునకు నడచును. ఆ నెలలలో పారాదీపువైపున తైలము వెలువడెనేని అది ఏ దిక్కునకు పయనించునో బారువలో గాని నువ్వలరేవులో గాని ఎవరికిని వేరుగ చెప్పనక్కరలేదు.

కుంచములోని కిటుకు

ఇనుపఖనిజమనిన బండరాయివంటి వస్తువు. అది ఓడను ఎట్లు ముంచును? ఈ సందేహము సహజము. దీనికి సమాధానము మన కళ్ళములోనే యున్నది.

కుంచముతో ధాన్యము కొలుచునప్పుడు, దానిని నేలపై రెండుమారులు తట్టిన ధాన్యము అణగి, పైన కొంత వెలితి యేర్పడును. గింజలమధ్య నున్న గాలి బయటకు పోయి, గింజలు దగ్గరకు చేరుటయే దీనికి కారణము. ఇప్పుడు గింజలకు మారు సన్నని ఖనిజపు పొడిని, గాలికి మారు నీటిని ఊహింపుడు. తట్టినప్పుడు రేణువులు దగ్గరకు రాజూచును. నడుమ నున్న నీరు నలుగదు. వెంటనే తప్పుకొనిపోవుటకు దానికి దారియు లేదు. అప్పు డా నీరు రేణువులను ఒకదానినుండి ఒకటి ఎడముగ నెట్టి, వాని పట్టును విడిపించును. అంతకుముందు గట్టిగుట్టవలె నిలిచిన రాసి ఒక్కసారిగ రొంపియై ప్రవహింపసాగును. అలల అంచున తడియిసుకపై నిలిచి పాదముతో పదేపదే తట్టిన పిల్లలందరు ఈ వింతను చూచినవారే. గట్టిగ నున్న ఇసుక కదలి, మెత్తనై, కాలిక్రింద జారును.

ఓడలో తట్టు చేయి యుండదు. ఇంజను అదురును, అలల తాకుడును రాత్రింబవళ్లు ఆ పని చేయుచుండును. రొంపియైన సరకు ఓడ ఒక ప్రక్కకు ఒరిగినప్పుడు ఆ ప్రక్కకు పారును. ఓడ మరల లేచునప్పుడు అంతయు వెనుకకు రాదు. మరుసటి అలకు మరికొంత జరుగును. వెడల్పాటి తాంబాళములో నీరుపోసి నెత్తిపై పెట్టుకొని నడచిన ఎట్లుండునో, వేలకొలది టన్నుల రొంపితో నడచు ఓడ స్థితి అట్లుండును. ఓడ పూర్తిగ ఒరుగుటకు కొన్ని నిమిషములు చాలును. తెప్పలు దింపుకొనుటకు సిబ్బందికి వ్యవధి చిక్కదు.

2010వ సంవత్సరమున అక్టోబరు 27 మొదలు డిసెంబరు 3 వరకు, ఆరువారములలోపుననే, ఇండోనేషియానుండి నికెలు ఖనిజము తీసికొని పోవుచున్న మూడు ఓడలు ఇట్లే మునిగి 44 మంది నావికులు ప్రాణములు కోల్పోయిరి. 2017 అక్టోబరులో 'ఎమరాల్డ్ స్టార్' అను ఓడ అదే సరకుతో ఫిలిప్పీన్సు సమీపమున మునిగెను. దానిలోని 26 మందియు భారతీయులే. 16 మంది దక్కిరి. పదిమంది తిరిగి రాలేదు. ఉద్దానమునుండియు ఓడ ఉద్యోగములకు పోవు యువకులు కలరు. కనుక ఇది దూరదేశపు వార్త యని మేము తలపజాలము.

నిబంధన ఏమి చెప్పుచున్నది

1912లో టైటానిక్ మునిగిన పిమ్మట, 1914లో దేశములు కూడి సముద్రముపై ప్రాణరక్షణకు ఒక ఒడంబడిక చేసికొనినవి. ఇప్పుడు అమలులో నున్నది దానికే 1974లో ఏర్పడిన రూపము. ఈ ఒడంబడిక క్రింద, లండనులోని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ రాసిసరకుల కొక నియమావళిని కూర్చినది. 1965లో వెలువడిన తొలి నియమావళి సలహారూపమున నుండెను. 2008లో ఆమోదింపబడిన క్రొత్త నియమావళి 2011 జనవరి 1వ తేదీనుండి తప్పక పాటింపవలసిన దైనది.

ఈ నియమావళి సరకులను మూడు తరగతులుగా విభజించుచున్నది. తేమ మించిన రొంపియగునవి 'ఏ' తరగతి. రసాయన గుణముచేత అపాయము కలిగించునవి, అనగా తమంతట వేడెక్కునవి, విషవాయువు విడుచునవి, 'బీ' తరగతి. ఈ రెండును కానివి 'సీ' తరగతి. కొన్ని సరకులు రెండు తరగతులకును చెందును. మన తీరపు ఇసుకవంటి బరువు ఖనిజముల ఇసుక 'ఏ' తరగతిలోనిది. ఈ ఖనిజములను ఇప్పుడు ఎవరికి దోచినట్లు వారు విదేశములకు పంపుటకు వీలులేదు. 2018 ఆగస్టునుండి వీని ఎగుమతి కేంద్రప్రభుత్వపు సంస్థయగు ఇండియన్ రేర్ ఎర్త్స్ ద్వారముననే జరుగవలెను.

ఇనుపఖనిజపు కథ వేరు. నియమావళిలో చాలకాలము 'ఇనుపఖనిజము' అను ఒకే పేరుండి, అది 'సీ' తరగతిలో చేర్చబడియుండెను. పెద్దగడ్డలకు అది సరియే. సన్నని పొడికి సరిగాదు. మునిగిన ఓడలే ఆ భేదమును బయటపెట్టినవి. 2009 నాటి ప్రమాదముల తరువాత మన నౌకాయాన మహానిర్దేశాలయము 2010లో ఇనుపఖనిజపు పొడి విషయమున హెచ్చరికలు జారీచేసినది. అంతర్జాతీయ నియమావళిలో ఆ పొడికి ప్రత్యేకముగ ఒక పుట యేర్పడి, 2017 జనవరి 1 నుండి తప్పనిసరియైనది. 2015 జనవరి 2వ తేదీన మలేషియా బాక్సైటుతో పోవుచు 'బల్క్ జూపిటర్' అను ఓడ వియత్నాము తీరమున మునిగి, 19 మందిలో 18 మంది మరణించిన పిమ్మట బాక్సైటు పొడికిని ఇట్లే జరిగినది. సముద్రపు నిబంధనలలో పెక్కింటి వెనుక ఒక ఓడపే రుండుట కనుగొన్నాము.

'ఏ' తరగతి సరకునకు ముఖ్యమైన నియమము తేమ హద్దు. ప్రయోగశాలలో నమూనాను పరీక్షించి, ఎంత తేమవద్ద అది ప్రవహించునో కనుగొందురు. సాధారణముగ దానిలో నూటికి 90 వంతులు మాత్రమే హద్దుగ నిర్ణయింతురు. ఒక ఖనిజము నూటికి 10 పాళ్ల తేమవద్ద పారునదైన, 9 పాళ్లు మించినచో దానిని ఓడ కెక్కింపరాదు. ఇనుపఖనిజపు పొడికి వేరు పరీక్ష కలదు గాని సారాంశ మిదియే. ఎగుమతిదారుడు ఈ హద్దును, సరకులోని అసలు తేమను వ్రాతమూలముగ కెప్టెనునకు తెలుపవలెను. తేమ పరీక్షకును ఎగుమతికిని నడుమ ఏడు దినములు మించరాదు. ఈ నడుమ గట్టివాన కురిసిన మరల పరీక్షింపవలెను. సందేహము కలిగినచో ఎగుమతిని ఆపించు అధికారము కెప్టెనున కున్నది.

ఒక్క పాలు అటో ఇటో అయిన ఏమి మునుగును? ఈ మాట రేవులలో వినబడునదే. లెక్కవేసి చూతము. 25 వేల టన్నుల సరకులో నూటికి ఒక పాలనిన 250 టన్నుల నీరు. ఐదువేల లీటర్ల ట్యాంకరులు యాబది ఓడలో కుమ్మరించినట్లు! అంత నీరును కంటికి కనబడదు. గుట్ట పైపొర యెండకు పొడియై దుమ్ము లేచుచున్నను లోపల చల్లగ తేమ దాగియుండును. కాబట్టియే నమూనాను గుట్ట పైనుండి పిడికెడు తీసిన చాలదు. వేరువేరు చోటులనుండి, లోతునుండి తీయవలెను.

ప్రయోగశాల లేనిచోట, ఓడపైననే చేయదగిన సులువైన పరీక్ష యొకటి నియమావళిలో చెప్పబడినది. అర లీటరునుండి లీటరువరకు పట్టు డబ్బాను సగమువరకు ఖనిజముతో నింపి, గట్టి బల్లపై సుమారు 20 సెంటిమీటర్ల ఎత్తునుండి ఠక్కున కొట్టవలెను. ఒకటి రెండు సెకనుల వ్యవధితో ఇట్లు 25 మారులు చేసి, పైన నీరూరినదా, ముద్ద కదలుచున్నదా యని చూడవలెను. నీరూరినచో ఎగుమతి నాపి ప్రయోగశాల పరీక్ష జరిపింపవలెను. అయితే నీరూరనంతమాత్రమున సరకు మంచిదని నిర్ధారణ కాదు. ఈ డబ్బా 'వలదు' అని చెప్పగలదు గాని 'సరే' అని చెప్పజాలదు.

మా అభిప్రాయమున ఈ వ్యవస్థ అంతటిలో బలహీనమైన కీలు ఆ తేమపత్రము. యంత్రము మోసగింపదు. త్వరపడువాడు మోసపుచ్చును. రేవులో ఓడ నిలిచిన ప్రతిదినమును ఖర్చు. ఆకాశమున మబ్బు. గుట్టపై కప్పు లేదు. అట్టి సమయమున నిన్నటి పత్రమును నేటి సరకునకు అంటించు కోరిక పుట్టును. ఒక ఎకరము విస్తీర్ణముగల గుట్టపై ఒక్క సెంటిమీటరు వాన పడిన 40 టన్నుల నీరు పడినట్లు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస ప్రాంతమున ఎట్లు కురిసినదో ఉద్దానపు కొబ్బరి, జీడి రైతులు మరువలేరు. తూర్పుతీరపు రేవులో ఆ నెలలో కప్పు లేని ఖనిజపు గుట్ట తేమ ఎంతకు పెరుగునో ఊహింపవచ్చును.

దుమ్మును, నీరును

తీరవాసులకు అనుదినమును కలుగు బాధ మునక కాదు, దుమ్ము. విశాఖపట్టణమున రేవు పరిసరముల నివసించువారు బొగ్గుదుమ్మును గూర్చి, ఖనిజపు దుమ్మును గూర్చి ఎన్నో యేండ్లుగ మొరపెట్టుచు వచ్చిరి. దుమ్మును అణచుటకు గుట్టలపై నీరు చిమ్ముట, సరకును మోయు పట్టాలపై కప్పులు వేయుట, లారీలకు టార్పాలిను కట్టుట, రేవుచుట్టు చెట్లు పెంచుట మొదలగునవి వాడుకలో నున్నవి.

ఇక్కడ ఒక చిక్కు కలదు. దుమ్ము లేవకుండ నీరు చిమ్మవలెనని పర్యావరణ నిబంధన. నీరెక్కువ కారాదని ఓడ నిబంధన. ఒడ్డున నున్న బిడ్డ దగ్గునకు మందు, సముద్రముపై నున్న తండ్రికి ముప్పు కారాదు గదా! రెండింటిని ఒకచోట కుదుర్చు ఉపాయము కప్పుగల గోదాము. అది ఖర్చుతో కూడిన పని. కాని దానిలో వాన దిగదు, దుమ్ము లేవదు. నీరు చిమ్ముటయే తప్పనిచోట, చిమ్మిన నీటిని తేమ లెక్కలో చేర్చవలెను.

అరలోనికి దిగుటకు ముందు

రేవు పనికి పోవువారు తెలియవలసిన దొకటి కలదు. పాడుబడిన నూతిలోనికి దిగుటకు ముందు మన పెద్దలు దీపమును దింపి చూచెడివారు. బొగ్గు, గంధకము కలిసిన లోహఖనిజములు నింపిన ఓడ అర అట్టి నూతివంటిదే. ఆ సరకులు గాలిలోని ప్రాణవాయువును హరించును. పైకి ఏ వాసనయు తగులదు. దిగినవాడు మెట్లపైననే సొమ్మసిల్లును. వానిని కాపాడుటకై మరియొకడు తొందరపడి దిగి వాడును కూలును. బొగ్గు కొన్నిచోట్ల మండు వాయువును గూడ విడుచును గనుక ఇచట దీపము పనికిరాదు. పరికరముతో పరీక్షింపవలెను. మంచిగాలిలో ప్రాణవాయువు నూటికి సుమారు 21 పాళ్లుండును. అది తగ్గినచో, మేస్త్రీ ఎంత తొందరపెట్టినను, దిగరాదు. బొగ్గు నింపు చోట చుట్ట కాల్చుట ఎంతమాత్రము కూడదు. 55 డిగ్రీలు మించి వేడెక్కిన బొగ్గును ఓడలోనికి తీసికొనరాదని నియమము.

ఓడ కడిగిన నీరు

సరకు దింపిన పిమ్మట అరలను కడుగుదురు. ఆ కడిగిన నీరు సముద్రమునకు పోవును. ఓడలవలని కాలుష్యమును నివారించు అంతర్జాతీయ ఒడంబడికలో ఈ భాగము 2013 జనవరి 1 నుండి కఠినమైనది. సముద్రజీవులకు హానికరమని నిర్ణయింపబడిన సరకుల శేషమును ఎచ్చటను సముద్రమున విడువరాదు. రేవులోనే అప్పగింపవలెను. తక్కిన సరకుల శేషమునైనను తీరమునకు 12 నాటికల్ మైళ్లు, అనగా సుమారు 22 కిలోమీటర్లు, దాటినగాని విడువరాదు. తమ సరకు హానికరమో కాదో ఎగుమతిదారుడే ప్రకటింపవలెను. మన జాలరుల నాటుపడవలు పెక్కు ఈ హద్దులోపలనే వేటాడును. మన ఇసుకతిన్నెలపై గ్రుడ్లు పెట్టుటకు వచ్చు ఆలివ్ రిడ్లీ తాబేళ్లును ఈ నీటిలోనుండియే రావలెను. కనుక రేవులో ఆ శేషమును తీసికొను ఏర్పాటున్నదా యను ప్రశ్న చిన్నది కాదు.

గ్రామస్థులు అడుగదగిన చోటు

2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రకటన ప్రకారము, ఏడాదికి 50 లక్షల టన్నులు, అంతకుమించి సరకు నడుపు రేవునకు కేంద్రప్రభుత్వపు పర్యావరణ అనుమతి అవసరము. రేవును మరింత పెంచునప్పుడును అంతే. ఇట్టి అనుమతికి ముందు జరుగు బహిరంగ విచారణను కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటుచేయును. జిల్లా కలెక్టరు గాని, వారి ప్రతినిధి గాని అధ్యక్షత వహింతురు. కనీసము 30 దినములు ముందుగ ప్రకటన వెలువడవలెను. నివేదిక సారాంశము తెలుగున లభింపవలెను. అచట పలికిన మాట నమోదగును.

అట్టి సభలో 'రేవు కావలెను', 'రేవు వలదు' అను రెండు కేకలే తరచు వినబడుట మేమెరుగుదుము. ఆ రెండింటికి నడుమ అడుగదగిన ప్రశ్నలు పెక్కు కలవు. ఖనిజపు గుట్టలకు కప్పున్నదా? నమూనా తీయువాడు ఎగుమతిదారుని జీతగాడా, స్వతంత్రుడా? గుట్టలనుండి కారు వాననీరు నౌపడ ఉప్పుమళ్లవైపు పోవునా, తొట్టిలో నిలుచునా? ఏటేట తేలినీలాపురము చేరు గూడబాతులు మేయు చిత్తడినేలకు అది సోకునా? లారీలు ఏ గ్రామము నడుమగ పోవును? ఈ ప్రశ్నలు వ్రాసి యిచ్చిన సమాధానము వ్రాతగనే రావలసియుండును. పంచాయతీ తీర్మానముతో నిచ్చిన మరింత మేలు.

సముద్రముపై నూనెతెట్టును గాని, ఒరిగిపోవుచున్న ఓడను గాని చూచిన జాలరులు తీరరక్షక దళమునకు వెంటనే తెలుపవచ్చును. వారి అత్యవసర టెలిఫోను సంఖ్య 1554. దానికి రుసుము లేదు.